మూవింగ్ సేల్‌లో ప్లాస్మా టీవీ కొనొచ్చా?

సందేహం: మాది కావలి. ఉద్యోగం మీద ఈమధ్యే డాలస్ వచ్చాను. ఇల్లు మారేవాళ్లు సామాన్లు అమ్ముకునే మూవింగ్ సేల్‌లో యాభై అంగుళాల ప్లాస్మా టీవీ బాగా చవగ్గా వస్తోంది. అది తీసుకోనా, కొత్త ఎల్‌సీడీ కొననా? ఊళ్లో అమ్మానాన్నలకు కూడా ఇక్కడి నుంచే ఒకటి పట్టుకెళ్దామని ఉంది.

జవాబు: నాయనా, బొమ్మ ఒక్కటే చూసుకుంటే ప్లాస్మా చాలా మంచి సరుకు. అందులో సన్నటి గదుల్లో గ్యాస్ నింపి ఉంటుంది. కరెంటు తగిలితే ఆ గ్యాస్ నుంచి అతినీలలోహిత కిరణాలు వచ్చి ఫాస్ఫర్ పూతను వెలిగిస్తాయి. ప్రతి చుక్కా విడిగా వెలుగుతుంది కాబట్టి నలుపు చిక్కగా ఉంటుంది, బౌండరీకి పరుగెత్తే బంతి అలుక్కుపోదు. ఎల్‌సీడీలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర ఆ వెలుతురును పూర్తిగా ఆపలేదు. అందుకే రాత్రి సీన్లలో నలుపు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది. షాపులో ఎల్‌ఈడీ అని అమ్మేవీ చాలావరకు ఎల్‌సీడీలే, వెనక లైటు మాత్రం ఎల్‌ఈడీ.

అయినా నేను వద్దనే చెబుతాను. పానసోనిక్ 2013 చివర్లో, శాంసంగ్, ఎల్‌జీ 2014లో ప్లాస్మా తయారీ మానేశాయి. లోపల బోర్డు పోతే కొత్తది దొరకడం కష్టం. అదే సైజు ఎల్‌ఈడీ కంటే కరెంటు ఎక్కువ తాగుతుంది, గదిని వేడి చేస్తుంది, పైగా బరువు.

వీటన్నిటికంటే పెద్ద కారణం మన ఇళ్లలో టీవీ చూసే తీరు. రేపు మీ అమ్మానాన్న వచ్చి కొన్ని నెలలు ఉంటారు. మీరు ఆఫీసుకెళ్తే వాళ్లకు తోడు ఆ టీవీయే. పొద్దున కాఫీ వేళ నుంచి తెలుగు న్యూస్ చానల్ నడుస్తూనే ఉంటుంది. మూలన లోగో, కింద ఎర్ర పట్టీ, దాని మీద స్క్రోలింగ్, అన్నీ గంటల తరబడి ఒకేచోట. ప్లాస్మాలో నిత్యం వెలిగే చోట ఫాస్ఫర్ ముందే అరిగిపోతుంది. తర్వాత మీరు సినిమా పెట్టుకున్నా ఆ పట్టీ నీడ కనబడుతుంది. వెనక లైటు లేకుండా ప్రతి చుక్కా తనే వెలిగే ఓఎల్‌ఈడీ టీవీకీ ఈ మచ్చల భయం ఉంది. నలుపు చూసి మీ స్నేహితులు దాన్ని కొనమంటారు, కానీ రోజంతా న్యూస్ నడిచే ఇంటికి నేను ఎల్‌సీడీయే చెబుతాను. పెద్దవాళ్లను పదేపదే చానల్ మార్చమని, టీవీ కట్టేయమని అనాల్సిన టెన్షన్ ఎందుకు?

ఎల్‌సీడీల్లోనూ రెండు రకాల ప్యానెళ్లున్నాయి. వీఏ అయితే నలుపు బాగుంటుంది, పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది. ఐపీఎస్ అయితే పక్క నుంచీ బాగుంటుంది, నలుపు తక్కువ. సోఫాలో ఇద్దరే ఎదురుగా కూర్చుంటే వీఏ, వంటగదిలోంచి ఒకరు, పక్క కుర్చీలోంచి ఒకరు చూసే ఇంటికి ఐపీఎస్. షాపులో టీవీలన్నీ కళ్లు చెదిరే డెమో మోడ్‌లో ఉంటాయి, ఆ వెలుగు చూసి మోసపోవద్దు. పక్కకు నడిచి చూడండి, చీకటి సీను పెట్టించి చూడండి. ఏడడుగుల దూరం ఉంటే 55 అంగుళాల 4కే సరిపోతుంది. తొందర లేకపోతే నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ దాకానో, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ముందు దాకానో ఆగండి, ధరలు దిగుతాయి. అద్దె ఇంట్లో గోడకు బిగించాలంటే ముందు లీజు కాగితం చదవండి.

ఇంటికి పట్టుకెళ్లే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. 2013 ఆగస్టు 26 నుంచి మన ప్రభుత్వం ఫ్లాట్ టీవీలకు డ్యూటీ ఫ్రీ బ్యాగేజీ మినహాయింపు తీసేసింది. చెన్నైలో దిగగానే టీవీ విలువలో మూడో వంతుకు పైగానే కస్టమ్స్ వాళ్లకు కట్టాల్సి రావచ్చు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, కావలిలో 230. టీవీ వెనక 100-240 అని రాసి లేకపోతే అక్కడ నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. విమానంలో ప్యానెల్ పగిలినా, తర్వాత చెడిపోయినా ఇక్కడి వారంటీ అక్కడ పనికొస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఆ డబ్బు ఇంటికి పంపండి. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, కావలిలోనో మీ నాన్నగారే స్వయంగా చూసి కొనుక్కుంటారు. సర్వీసు మనిషి పిలిస్తే వచ్చే కంపెనీ చూడమనండి. మన వైపు పగలు తలుపులు, కిటికీలు తీసే ఉంచుతారు కదా, కాబట్టి మెరిసే అద్దం లాంటి తెర వద్దు, వెలుతురు గట్టిగా ఇచ్చే ఎల్‌ఈడీ కావాలి. కిటికీకి ఎదురుగా పెట్టొద్దు. వోల్టేజీ ఎక్కువ తక్కువయ్యే వీధి అయితే స్టెబిలైజర్ తప్పనిసరి. బిగించడానికి మనిషి వచ్చిన రోజు మీరు వీడియో కాల్‌లో ఉండి పిక్చర్‌ను వివిడ్ నుంచి స్టాండర్డ్‌కో సినిమాకో మార్పించండి. కదలికలను మరీ నున్నగా చూపే మోషన్ స్మూతింగ్ సెట్టింగ్ కూడా తీయించండి, అది ఉంటే సినిమా కాస్తా సీరియల్‌లా కనబడుతుంది.