ఫ్యాన్ ఏమంటోందో ముందు విను

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రాజూరా నుంచి వర్ధా వంతెన దాటితే బల్లార్షా ఎంత దూరమని, బండేసుకుని వచ్చి చేతికే ఇవ్వొచ్చు కదా అనుకున్నా. సరే, ఫోన్లో పంపి "అన్నా, మొహమాటం లేకుండా చెప్పు" అన్నావు కాబట్టి అలాగే చెబుతున్నా. "చప్పుడు లేని కంప్యూటర్" అని పేరు పెట్టి ఆరు పేజీలు రాశావు. ఆ ఆరు పేజీల్లో ఒక్క చోట కూడా నాకు చప్పుడు వినపడలేదు. డెసిబెల్స్ ఉన్నాయి, ఫ్యాన్ల ఆర్పీఎంలు (నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్నాయి, గాలి ఎంత తోస్తుందో లెక్క ఉంది. అన్నీ డబ్బా మీద నుంచి ఎత్తి రాసినవే. నీ గది లేదు, నీ చెవి లేదు.

తెలుగు గురించి మాత్రం టెన్షన్ పడకు. మరాఠీ మీడియంలో చదివి, ఇంట్లో అమ్మ దగ్గర పలక మీద తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాళ్లం మనం, ల, ళ తడబాట్లు నేను చూసుకుంటా. నేను దిద్దలేనిది ఇంకొకటి ఉంది, అది నువ్వే దిద్దుకోవాలి.

నీ రెండో పేజీలో పట్టిక చూడు. నోక్టువా వాళ్ల ఎన్ఎఫ్-ఏ12x25 ఫ్యాన్‌కు 22.6 డెసిబెల్స్ అని, దాని పక్కనే ఆర్కటిక్ పీ12కు 0.3 అని వేసి, రెండోది వంద రెట్లు నిశ్శబ్దం అన్నంత ధీమాగా రాశావు. ఆ 0.3 డెసిబెల్స్ కాదురా, సోన్లు. అది చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో చెప్పే వేరే కొలత. బియ్యాన్ని కిలోల్లో, పాలను లీటర్లలో కొలిచి ఏది ఎక్కువో తేల్చినట్టుంది. పైగా ఆ 22.6 అనేది ఫ్యాన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పటి సంగతి, ఇంట్లో దాన్ని అంత వేగంగా తిప్పేదెవరు? ఇలాంటి కొలతలు ఏ చప్పుడూ లేని గదిలో, ఫ్యాన్ ఒక్కదాన్నే నిలబెట్టి తీస్తారు. అదే ఫ్యాన్‌ను క్యాబినెట్‌లో బిగించి, ముందు జాలీ, వెనక వేడిని లాగే హీట్‌సింక్ లోహపు రెక్కలు పెట్టేసరికి దాని గొంతే మారిపోతుంది. అంకె రాయొద్దని అనడం లేదు. అది ఏ కొలతో, ఎంత వేగం దగ్గరో, ఎంత దూరం నుంచో తెలిస్తే రాయి, లేదంటే వదిలేయ్.

అంకెలకు బదులు ఏం రాయాలంటావా? మన దగ్గర చప్పుళ్లకు ఎన్ని మాటలున్నాయో ఒకసారి ఆలోచించు. నేను మొదట్లో పక్కింటివాళ్ల కంప్యూటర్లు బాగుచేసేటప్పుడు వాళ్లు చెప్పే మాటను బట్టే సగం రోగం తెలిసిపోయేది. గరగర అంటోంది అంటే బేరింగ్‌లో నూనె ఎండిపోయింది. టకటక అంటోంది అంటే లోపల ఏదో వైరు రెక్కకు తగులుతోంది, ఒక ట్యాగ్ వేసి కట్టేస్తే అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. జుమ్మని ఒకటే మోత, బల్ల మీద చెయ్యి పెడితే కూడా తెలుస్తోంది అంటే అది చాలాసార్లు ఫ్యాన్ చప్పుడు కాదు, ఫ్యాన్ వణుకు క్యాబినెట్ రేకుకు పాకి ఆ రేకు మోగడం. పక్క రేకును అరచేత్తో గట్టిగా నొక్కు, మోత ఆగితే కొత్త ఫ్యాన్ కొనక్కర్లేదు, స్క్రూలు తీసేసి రబ్బరు పిన్నులు పెట్టుకుంటే చాలు. గేమ్ ఆడేటప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటోంది అంటే అది గ్రాఫిక్స్ కార్డులోనో పవర్ సప్లైలోనో ఉండే కాయిల్స్ పాడే పాట, దానికి ఎన్ని ఫ్యాన్లు మార్చినా లాభం లేదు. ఏమీ చేయకుండా ఊరికే ఒక పేజీ తెరిస్తే సుయ్యిమని లేచి మళ్లీ పడిపోతోంది, నిమిషానికి నాలుగుసార్లు, అన్నారనుకో, అది కొనే సమస్యే కాదు. బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్యాన్ వేగం పెరిగే ముందు కొన్ని సెకన్లు ఆగేలా పెట్టుకోవాలి. ఒకే తీరుగా సాగే మోతను చెవి మరిచిపోతుంది, లేచి పడే మోత మరిచిపోనివ్వదు. నీ ఆరు పేజీల్లో ఈ ముక్క లేదు, చదివేవాడికి డబ్బులు మిగిల్చేది ఇదే.

ఈ గరగర, టకటక, కీచులు పెట్టి రాస్తే పిల్లల కథలా ఉంటుందని నీకు అనిపించొచ్చు. అనిపించనీ. షాపుకు వెళ్లినవాడు కౌంటర్ దగ్గర చెప్పేది ఆ మాటే.

ఇప్పుడు వేడి. ఇక్కడే నీ మీద కొంచెం కోపం వచ్చింది. ఏదో రివ్యూ చూసి, ప్రాసెసర్ (కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్) వేడి "ఫుల్ లోడ్‌లో 65 డిగ్రీలు దాటదు" అని రాశావు. ఎవరి గదిలో దాటదు? ఆ పరీక్షలు చేసేవాళ్ల గది 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో మన చంద్రపూర్ జిల్లాలో బయట 45, 46 మామూలు, రేకుల ఇంట్లో మధ్యాహ్నం గదిలోనే 40 ఉంటుంది. ప్రాసెసర్ మీద బిగించి గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గది వేడి కన్నా కిందికి దింపలేదు, గది వేడి మీద ఎంత పెరుగుతుంది అన్నదే దాని చేతిలో ఉంది. 22 మీద 43 పెరిగి 65 అయింది. మన గదిలో 40కి 43 కలుపు, 83. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుస ప్రాసెసర్ చిప్పుల్లో ఎక్కువవాటిని 95 వరకు వెళ్లేలానే తయారుచేశారు కాబట్టి కాలిపోయేదేమీ లేదు, కానీ ఆ 83ను చూసి ఫ్యాన్ వేగం ఎక్కడికి పోతుందో చూడు. అక్కడ గుసగుసలాడిన ఫ్యానే ఇక్కడ అరుస్తుంది. అందుకే మనవైపు వాళ్లకు నేను చెప్పేది ఒకటే, చిప్‌కు సరిపోయేంత కూలర్ కాదు, దానికంటే ఒక సైజు పెద్దది తీసుకో, ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పు. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 పడితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అదే వేగంతో అలాంటి ఫ్యాన్ ఇంకొకటి తగిలిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి ఒకటి పరుగెత్తే బదులు రెండు నడవడం మేలు, క్యాబినెట్‌లో పడితే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కన్నా 140ది మేలు. ఈ లెక్క నువ్వు రాయొచ్చు, ఎందుకంటే ఇది ఎవరి డబ్బా మీదా లేదు.

ఇంకో మాట, నవ్వుకోకు. మే నెలలో చప్పుడు గురించి రాయడమే దండగ. కిటికీలో ఎయిర్ కూలర్ నీళ్లు చిమ్ముకుంటూ లారీలా మోగుతుంటే కంప్యూటర్ ఫ్యాన్ ఎవడికి వినపడుతుంది? ఎండాకాలంలో చూడాల్సింది వేడి. చప్పుడు చూడాల్సింది డిసెంబర్ రాత్రి, పది దాటాక, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేసి, నువ్వు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని. ఒకే వస్తువు గురించి ఆర్నెల్ల తేడాతో రెండుసార్లు రాసుకో, తర్వాత కలుపు. తొందరేముంది, సంవత్సరానికి ఒక మంచి వ్యాసం రాసినా చాలు నీకు.

ఆ ఎయిర్ కూలర్ అంటే గుర్తొచ్చింది. నా మొదటి కంప్యూటర్‌ను సరిగ్గా దాని ఎదురుగా పెట్టాను, చల్లగాలి తగిలితే దానికీ సుఖమే కదా అని. మన ఊళ్ల గాలిలో బొగ్గు పొడి ఎంతుంటుందో నీకు తెలుసు, ఒకవైపు గనులు, ఒకవైపు బొగ్గు వ్యాగన్లు, కొంచెం పైకెళ్తే 2920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ స్టేషన్. పొడి దుమ్మైతే బ్రష్షుతో దులిపితే పోతుంది. కూలర్ తేమ తగిలిన దుమ్ము కాటుకలా హీట్‌సింక్ రెక్కల మధ్య పట్టేసింది. ఉప్పునీటి తుంపర్లు పడి రేకు మీద తెల్ల మచ్చలు. ఒక్క ఎండాకాలంలో. తప్పు నాది, ఎవరినీ అనడానికి లేదు, అలాగే రాశాను కూడా. నేను రాసినవాటిలో జనానికి గుర్తుండిపోయింది అదొక్కటే అనుకుంటా, ఇప్పటికీ "ఆ కాటుక కంప్యూటర్ మీదేనా" అని అడుగుతారు. కొత్త ప్రాసెసర్ కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించి, రెండు రోజులు వేడెక్కుతోందని తల పట్టుకున్న రోజు కూడా ఉంది నాకు. నీకూ ఇలాంటివి ఉండే ఉంటాయి, దాచుకోకు.

దుమ్ము సంగతి వ్యాసంలో ఒక వాక్యంలో తేల్చేశావు, అది మనవైపు కనీసం ఒక పేజీ. గాలి లోపలికి లాగే ఫ్యాన్ల బలం బయటికి తోసేవాటికంటే కొంచెం ఎక్కువ ఉండాలి, అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ ఉన్న దారినే రావాల్సి వస్తుంది. ఆ ఫిల్టర్ చేత్తో లాగితే ఊడివచ్చేదై ఉండాలి, స్క్రూలు విప్పి తీయాల్సింది అయితే ఎవడూ కడగడు. దోమతెర గుడ్డ కట్టుకుంటే సరిపోతుందని రాశావు, అందులోంచి బొగ్గు పొడి హాయిగా వెళ్తుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోమని రాయి, గిర్రున తిరుగుతుంటే పిల్లలకు సరదాగానే ఉంటుంది కానీ బేరింగ్‌కు దెబ్బ.

ఇక మన్నిక. ఫ్యాన్ ఎన్నాళ్లుంటుందన్నది రెక్కల్లో లేదు, బేరింగ్‌లో ఉంది. స్లీవ్ బేరింగ్ చవక, కొత్తలో నిశ్శబ్దం కూడా, అందుకే షాపులో విని మోసపోతాం. వేడికి దానిలో నూనె ఎండుతుంది, పడుకోబెట్టి బిగిస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. బాల్ బేరింగ్ వేడికి తట్టుకుంటుంది, కొంచెం గొంతు ఎక్కువ. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అనేది రెండింటి మంచీ ఉన్నది, ధర తగ్గట్టే. హైడ్రాలిక్, హైడ్రో అని డబ్బా మీద కనిపిస్తే నమ్మేయకు, ఆ మాటకు ఒక్కో కంపెనీ ఒక్కో అర్థం చెబుతుంది. గరగరలాడే ఫ్యాన్‌కు స్టిక్కర్ లేపి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే నోరు మూసుకుంటుంది. నేనూ వేశాను, రెండు నెలలకు మళ్లీ మొదలైంది. కొబ్బరినూనె మాత్రం వేయొద్దు, చలికి గడ్డకడుతుంది. లక్షా యాభై వేల గంటలు అన్న మాట చూసి "పదిహేడేళ్లు గ్యారంటీ" అని రాశావు, అది లెక్క ప్రకారం వేసిన సగటు, నీ చేతిలోని ఫ్యాన్ ఇచ్చిన మాట కాదు. వాళ్లు కాగితం మీద ఇచ్చే మాట వారంటీ, నోక్టువాకు అది ఆరేళ్లు, దాన్ని రాయి.

మన్నికలో నువ్వు వదిలేసినది ఇంకొకటి ఉంది. లోహపు ముక్కలు బాగానే ఉన్నా మదర్‌బోర్డు మారితే కూలర్ మూలపడుతుంది. 2021లో ఇంటెల్ ఎల్జీఏ 1700 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) తెచ్చినప్పుడు కూలర్ బిగించే రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి జరిగింది, మూడు మిల్లీమీటర్ల కోసం ఎన్ని కూలర్లు అటకెక్కాయో. 2022లో ఏఎండీ ఏఎం5 సాకెట్ తెచ్చినప్పుడు మాత్రం పాత ఏఎం4 కూలర్లు చాలావరకు పట్టేలానే ఉంచారు. కొత్త సాకెట్‌కు క్లిప్పులు తర్వాత దొరుకుతాయా లేదా అని కొనేముందే అడగమని రాయి. కూలర్‌లో వేడిని మోసే గొట్టాల్లో, అంటే హీట్‌పైపుల్లో, కదిలే భాగం ఏదీ లేదు, లోపల చుక్క నీళ్లు ఆవిరై, చల్లబడి, మళ్లీ వెనక్కి రావడమే, కాబట్టి క్లిప్పు దొరికితే మీద ఫ్యాన్ మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడొచ్చు.

ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరిచే కూలర్ల మీద నువ్వు రెండు పేజీలు పోశావు. రెండు పేరాలు చాలు. పంపు పోతే మొత్తం పోయినట్టే, గొట్టాల్లోంచి ఏళ్లు గడిచేకొద్దీ నీరు సన్నగా తగ్గుతుంది, బాగుచేయించాలంటే నాగపూర్ పోవాలి. అందంగా ఉంటాయి, నాకూ తెలుసు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్టు గురించి బఠాణీ గింజంత చాలు అని ఒక్క మాట రాసి వదిలేయ్. ధరలు రాస్తే పక్కనే నెల, సంవత్సరం వేయి. క్యాబినెట్ వెడల్పు కొలుచుకోమని మాత్రం రెండుసార్లు రాయి, 155 మిల్లీమీటర్ల పైన ఎత్తున్న టవర్ కూలర్ కొనేసి పక్క రేకు మూయలేక అలాగే తెరిచి వాడుతున్నవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు.

చివరి పేజీలో "మా నాన్న పాత కంప్యూటర్ రాత్రిపూట పిల్లి గుర్రుపెట్టినట్టు ఉండేది" అని ఒక వాక్యం రాసి, మళ్లీ కొట్టేశావు. ఆ కొట్టివేత తీసేసి వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ ఫ్యాన్ ఇంకా ఉంటే పారేయకు, వచ్చే ఆదివారం ఇటు వస్తావుగా, జేబులో వేసుకుని రా. నా దగ్గర 12 వోల్టుల అడాప్టర్ ఉంది, తిప్పి విందాం.

మీ అన్న,
బల్లార్షా