ఇంజినీరింగ్ విద్యార్థులకు రోబోటిక్స్ కిట్లు అవసరమా, సిమ్యులేటర్ చాలదా? కొంటే ఏ కిట్ మంచిది?

చాలదు. కొన్నేళ్లుగా ల్యాబ్ చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. సిమ్యులేటర్‌లో బ్యాటరీ నీరసపడదు, వైరు ఊడిపోదు.

ఒకసారి నలుగురు కలిసి లైన్ ఫాలోవర్, అంటే నేల మీది గీత వెంట నడిచే బండి, చేశారు. బండికి మెదడులా ఆర్డుయినో ఊనో బోర్డు, రెండు పసుపు గేర్ మోటార్లు, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్, అన్నిటికీ కలిపి ఒక్క చిన్న 9 వోల్టుల బ్యాటరీ. తిన్నటి గీత మీద బుద్ధిగా పోయేది. మలుపు రాగానే ఆగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలెట్టేది. తప్పు కోడ్‌దే అనుకుని రెండు రోజులు గీత తప్పితే ఎంత సర్దుకోవాలో చెప్పే పీఐడీ విలువలు మారుస్తూ కూర్చున్నారు. చేతిలో ఎత్తి పట్టుకుంటే చక్రాలు భేషుగ్గా తిరుగుతాయి, నేల మీద పెడితే అదే వరస. నాకు తెలుసు, నోరు మూసుకున్నాను. అది అంత తేలిక కాదు!

చివరికి వాళ్లలో అంతగా మాట్లాడని అమ్మాయి పట్టుకుంది. ఆన్ చేయగానే మూడుసార్లు వెలిగేలా పెట్టుకున్న ఎల్ఈడీ, మలుపులోనూ మూడుసార్లు వెలుగుతోంది. "సార్, బోర్డు రీసెట్ అవుతోంది!" చక్రాన్ని వేలితో ఆపి మల్టీమీటర్ పెడితే వోల్టేజీ దబ్బున పడిపోయింది. మలుపులో ఒక చక్రం వెనక్కి తిరగాలి, ఆ క్షణంలో మోటారు లాగే కరెంటు ఆ బుల్లి బ్యాటరీ ఇవ్వలేదు. ఇంటర్నల్ రెసిస్టెన్స్ (బ్యాటరీలోనే ఉండే నిరోధం) లెక్కలు పరీక్షల్లో బోలెడు చేసినవాళ్లే నలుగురూ. మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టారు, రెండు బ్యాటరీల గ్రౌండ్లు (నెగటివ్ వైర్లు) కలపడం మరిచిపోయి ఇంకో గంట తిప్పలుపడ్డారు. అదీ మంచిదే.

అన్నట్టు, ఆ ఎల్298ఎన్ మీద నాకు పాత కక్ష ఉంది. లోపల బైపోలార్ ట్రాన్సిస్టర్లు, సుమారు రెండు వోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, అక్కడే వేడిగా పోతాయి. ఇంతకంటే మంచివి, మాస్‌ఫెట్ అనే వేరే రకం ట్రాన్సిస్టర్ల డ్రైవర్లు, వచ్చి ఎన్నాళ్లయినా కిట్లలో ఇంకా ఇదే. అంతకంటే ఒళ్లు మండేది, పోతాయేమోనని కిట్లను బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లను చూస్తే. తీసినా రెడీమేడ్ కోడ్ చేతికిచ్చి, బండి కదలగానే చప్పట్లు కొట్టించి పంపేస్తారు.

ఏ కిట్ అంటారా, ఏదైనా తీసుకోండి. టీముకో మల్టీమీటర్ మాత్రం ఉండాలి. మోటార్ డ్రైవర్లు నాలుగు ఎక్కువే తెప్పించండి, కాలుస్తారు.