వేడిచేసిన ప్రొటీను రంగును ఎలా కాపాడుతుంది?

ప్రశ్న: నల్లద్రాక్ష తొక్కల నుంచి తీసిన రంగుతో, సి విటమిన్ కలిపి ఒక పుల్లని పానీయం తయారుచేశాను. మొదట చక్కని ఎరుపులో ఉన్న ఆ పానీయం కొన్ని వారాలకే వెలిసిపోయింది. ముందుగా వేడిచేసిన సోయా ప్రొటీను కలిపితే రంగు నిలుస్తుందని చదివాను. వేడికి చెడిపోయిన ప్రొటీను రంగును ఎలా కాపాడగలదు?

జవాబు: ముందుగా రంగు ఎందుకు పోయిందో చూద్దాం. ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు పీహెచ్ (పులుపు కొలత; పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 3 కంటే తక్కువగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటాయి. 4, 5 దగ్గరికి వచ్చేసరికి వాటిలో చాలా భాగం రంగులేని రూపంలోకి మారిపోతుంది. మీ పానీయం పుల్లనిదే కనుక నా అనుమానం ప్రధానంగా సి విటమిన్ మీదనే. అది సీసాలో మిగిలిన ఆక్సిజన్‌తో చర్య జరిపినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అది రంగు అణువును విచ్ఛిన్నం చేస్తుంది. పోషకం కోసం కలిపినదే రంగుకు శత్రువు కావడం చాలామంది తయారీదారులకు ఎదురయ్యే చిక్కే.

ఇక వేడికి ప్రొటీను చెడిపోతుందన్న మాట ఇక్కడ సరిపోదు. సోయా ప్రొటీన్లు ఉండలా ముడుచుకొని, నీటితో పొసగని భాగాలను లోపల దాచుకొని ఉంటాయి. వేడి తగిలినప్పుడు ఆ ముడుతలు విప్పుకొని ఆ భాగాలు బయటపడతాయి, ఆంథోసయనిన్ అణువులు అక్కడే అంటుకుంటాయి. పీహెచ్ 3 దగ్గర ప్రొటీనుకూ, ఎర్రని ఆంథోసయనిన్‌కూ రెండింటికీ ధనావేశమే ఉంటుంది కాబట్టి వాటిని కలిపి ఉంచేది విద్యుదాకర్షణ కాదు, ఈ నీటితో పొసగని భాగాల మధ్య ఉండే బంధమూ, హైడ్రోజన్ బంధాలూ. ఇవి బలహీనమైనవే, అందువల్ల రంగు పోవడం నెమ్మదిస్తుందే తప్ప పూర్తిగా ఆగదు.

ఎంత వేడి అన్నదే అసలు ప్రశ్న. సోయాలోని రెండు ప్రధాన ప్రొటీన్లలో బీటా కాంగ్లిసినిన్ సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర విప్పుకుంటుంది, గ్లైసినిన్‌కు 90 డిగ్రీలు దాటాలి. అతిగా కాచినా, చిక్కని ద్రావణాన్ని కాచినా ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కొని గడ్డలుగా మారతాయి, అప్పుడు రంగు పట్టుకునే చోట్లు మళ్లీ మూసుకుపోతాయి. ప్రొటీనును విడిగా, పలుచని ద్రావణంగా కాచి, చల్లారాక రంగుతో కలపండి. రంగును కూడా దానితో కాచితే ఆంథోసయనిన్లు ఆ వేడికే విరిగిపోతాయి.

పీహెచ్ 4.5 దగ్గర సోయా ప్రొటీను ఆవేశం కోల్పోయి అడుగుకు చేరుతుంది కనుక మీ పానీయాన్ని 3 దగ్గరే నిలపండి. అక్కడ కూడా తేటదనం కొంత తగ్గుతుంది. అద్దంలా తేటగా ఉండే పానీయమే కావాలంటే ఈ పద్ధతి మీకు నప్పదు.

ప్రొటీను కలిపిన సీసాలను, కలపని సీసాలను ఒకే వెలుతురులో పక్కపక్కన ఉంచి, వారానికోసారి పోల్చి రాసుకోండి. సోయా కొందరికి అలర్జీ కలిగిస్తుంది కాబట్టి, పానీయాన్ని అమ్మేటట్లయితే ఆ పేరును లేబుల్ మీద స్పష్టంగా రాయించండి.