నలుపు-తెలుపు ఫోటోలకు ఏ ప్రింటర్?

ప్రశ్న: ఇంట్లో నాలుగు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది. కలర్ ఫోటోలు బాగానే వస్తాయి. బ్లాక్ అండ్ వైట్ ఫోటో మాత్రం ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చగా, బల్బు కింద ఎర్రగా కనిపిస్తోంది. ప్రింటర్ మార్చాలా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ప్రింటర్ పాడవలేదు. దానికి బూడిదరంగు ఇంకే లేదు, అంతే. నీలం (సయాన్), మెజెంటా (గులాబీ కలిసిన ఎరుపు), పసుపు ఇంకులను కలిపి బూడిదరంగు తెప్పిస్తోంది. ఆ పాళ్లు రవ్వంత తేడా వచ్చినా కంటికి పట్టేస్తుంది. వెలుతురు మారితే ఛాయా మారుతుంది. ప్రింట్ సెట్టింగుల్లో గ్రేస్కేల్ (రంగులు లేని ప్రింట్) ఎంచుకుంటే ఛాయ తగ్గవచ్చు గానీ, ఆకాశంలోనూ ముఖాల మీదా ఇసుక చల్లినట్టు నల్ల చుక్కలు తేలతాయి.

మార్చేటట్టయితే, పెట్టె మీద 'ఆరు రంగులు' అని చూసి మురిసిపోకండి. ఎప్సన్ ఎల్8050లో అదనంగా ఉన్న రెండూ లేత నీలం, లేత మెజెంటా. అవి కలర్ ఫోటోల్లో చర్మం రంగుకు పనికొస్తాయి, మీ బాధ తీర్చవు. ఎల్8180లో, కానన్ జీ570లో ఒక గ్రే ఉంది. ఆల్బమ్ సైజు ప్రింట్లకు అది చాలు.

గోడకు తగిలించే ప్రింట్లకైతే నలుపు కాక కనీసం రెండు గ్రేలు కావాలి. మా ఓటు ఎప్సన్ ష్యూర్‌కలర్ పీ700కి. 13 అంగుళాల వెడల్పు పేపర్ తీసుకుంటుంది, 10 పిగ్మెంట్ ఇంకులు (సన్నని రంగు రేణువులున్నవి). డ్రైవర్‌లో (కంప్యూటర్‌లోని ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో) 'అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్' ఎంచుకుంటే ఎక్కువగా నలుపు, గ్రేలతోనే పని కానిస్తుంది. ఫోటోషాప్‌లో అప్పుడు రంగుల బాధ్యత ప్రింటర్‌కే వదిలేయాలి. కాట్రిడ్జ్ 25 మి.లీ. మాత్రమే, కాబట్టి ఇంక్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. గ్లాసీ (మెరిసే) పేపర్ ఒక్కటే వాడేవారికి కానన్ ప్రో-200 నయం: 8 డై ఇంకులు (రంగు ద్రవంలో కరిగినవి), అందులో రెండు గ్రేలు. డై ఇంక్ మాత్రం పిగ్మెంట్ కంటే త్వరగా వెలుస్తుంది.

ఏది కొన్నా ఊరికే ఉంచితే నాజిళ్లు (ఇంక్ చిమ్మే సన్నని రంధ్రాలు) ఎండిపోతాయి. వారానికోసారి చిన్న ఫోటో ఒకటి ప్రింట్ చేయండి, అదీ కలర్‌ది. అప్పుడే అన్ని ఇంకులూ కదులుతాయి. పెద్ద ప్రింటుకు ముందు నాజిల్ చెక్ (ప్రతి ఇంకుతో గీతలు గీసి చూపే పరీక్ష ప్రింట్) తప్పనిసరి: లేత గ్రేలో ఒక్క గీత తెగినా ఆకాశమంతా చారలే. గీతలు తెగితే ప్రింటర్ మెనూలోని క్లీనింగ్ రెండుసార్లకు మించి చేయకుండా రాత్రంతా వదిలి మళ్లీ చూడండి. ఇంకోటి, గోడ స్విచ్ తీసి ప్రింటర్ ఆపొద్దు. దాని బటన్‌తో ఆపితేనే హెడ్ (నాజిళ్లున్న భాగం) చోటికి చేరి మూత పడుతుంది.

ప్రశ్న: పిగ్మెంట్ ప్రింటర్ కొన్నాను. మ్యాట్ (మెరుపు లేని) పేపర్ మీద నలుపు వెలిసినట్టుంది. ఇంక్ నాసిరకమా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు డ్రైవర్‌లో పేపర్ రకం చూడండి. గ్లాసీ అని ఉంటే ప్రింటర్ ఫోటో బ్లాక్ (మెరిసే పేపర్‌కు తగిన నల్ల ఇంక్) వాడుతుంది. అది మ్యాట్ పేపర్‌లోకి ఇంకిపోయి బూడిదగా మిగులుతుంది. మ్యాట్ అని మారిస్తే మ్యాట్ పేపర్‌కు తగిన నల్ల ఇంక్, అంటే మ్యాట్ బ్లాక్, దిగుతుంది. తిరగేసి చేస్తే ఇంకా తంటా: గ్లాసీ మీద మ్యాట్ బ్లాక్ అతుక్కోదు, వేలు పెడితే ఊడొస్తుంది. సెట్టింగ్ సరిగానే ఉంటే పేపర్ తిరగబడిందేమో చూడండి. చాలా మ్యాట్ పేపర్లకు పూత ఒకవైపే. తడి చేసిన వేళ్లతో మూలను పట్టుకుంటే పూత ఉన్న వైపు కాస్త అంటుకుంటుంది.