డబ్బా విప్పుదాం: జిల్లుమనే కేబినెట్, వెలగని మానిటర్

ఈసారి కంప్యూటర్ తంటాల మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తెలుగు రాష్ట్రాల సరిహద్దు అవతల, ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న మనోళ్ళవే. నేనూ బరంపురం వాణ్ణే కాబట్టి ఈ నెలంతా వాళ్ళకే రాసేస్తున్నా, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల.

అన్నా, మాది రాయగడ. విశాఖ వెళ్ళి సామాన్లన్నీ కొనుక్కొచ్చీసి రాత్రి రెండింటిదాకా కూర్చుని బిగించీసేను. ఫేన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్లో మాత్రం నో సిగ్నల్. ప్రాసెసర్ రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు. గ్రాఫిక్స్ కార్డు సంక్రాంతికి కొందామని ఆగేను. బోర్డు డెడ్డా? మళ్ళీ రైలెక్కాలా?

బోర్డు కోసమైతే రైలెక్కక్కర్లేదు తమ్ముడూ. నీ 5600లో బొమ్మ పుట్టించే గ్రాఫిక్స్ భాగమే లేదు. చివర జీ ఉన్న 5600జీలో ఉంటుంది, ఉత్త 5600లోనూ 5600ఎక్స్‌లోనూ ఉండదు. ఇంటెల్‌వాళ్ళది ఇంకో లెక్క, అక్కడ చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు, 12400లో ఉంటుంది 12400ఎఫ్‌లో ఉండదు. మరి బోర్డు వెనక హెచ్‌డీఎంఐ కన్నం ఉంది కదా అంటావు, కన్నం ఉంటుంది, దాంట్లోకి బొమ్మ పంపేవాడే లోపల లేడు. కార్డు లేకుండా ఈ ప్రాసెసర్ ఎందుకు బాబూ అని బిల్లు రాసినాయన ఒక్క ముక్క అడిగుంటే నీకు ఆ రాత్రి నిద్ర మిగిలేది.

సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు, ఎవరి దగ్గరైనా పాత కార్డు, జీటీ 710 లాంటిదైనా సరే, ఒక పూటకి అడిగి తెచ్చుకో. కేబుల్ ఆ కార్డుకే పెట్టు, బోర్డుకి కాదు, ఇది కూడా చాలామంది తప్పుతారు. అప్పటికీ రాలేదంటే రెండే చూడు. ర్యాములు ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెడితే రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉన్నాయా, టిక్ మని కూర్చున్నాయా అనేది ఒకటి. కొన్ని బోర్డులకి గొళ్ళెం ఒక పక్కే ఉంటుంది, ఆ పక్క టిక్ మంటే రెండో పక్క కూడా దిగిపోయిందనుకుంటాం, దిగదు. ఇంకోటి బోర్డు పైన ఎడమ మూల ప్రాసెసర్‌కి విడిగా కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్. అది మర్చిపోతే ఫేన్లన్నీ చక్కగా తిరుగుతాయి, మానిటర్ మాత్రం చీకటి.

సార్, మాది బరంపురం, పాత వీధిలో తాతగారు కట్టించిన ఇల్లు. కొత్తగా అసెంబుల్ చేసుకున్న పీసీ కేబినెట్ వెనక స్క్రూ మీద చెయ్యి పడితే జిల్లుమంటోంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది. షాపువాళ్ళు ఎస్ఎంపీఎస్ (పీసీకి లోపల కరెంటిచ్చే పెట్టె) మార్చి ఇచ్చారు, అయినా అంతే. మొన్న టీవీకి హెచ్‌డీఎంఐ పెడుతుంటే చిన్న స్పార్క్ కూడా వచ్చింది. బోర్డు లీకేజీయా?

ఈ ప్రశ్న నాకు ఏడాదికి పదిసార్లు వస్తుంది, పదికి తొమ్మిదిసార్లు జవాబు ఒకటే, మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు. ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి, సాకెట్‌కి మూడు కన్నాలుంటాయి, కానీ పైనున్న ఆ పెద్ద కన్నం వెనక వైరే ఉండదు, ఉన్నా గోడలో ఎక్కడో తెగి ఊరుకుంటుంది. మన పాత వీధుల్లో ఇళ్ళు చాలావాటికి ఇదే కత.

కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టినా జిల్లు ఎందుకు పోలేదంటే, అది ఎస్ఎంపీఎస్ జబ్బు కాదు. మంచి ఎస్ఎంపీఎస్‌లో కరెంటు లోపలికొచ్చే చోట గోల తగ్గించే ఫిల్టరొకటి ఉంటుంది, అందులో రెండు చిన్న కెపాసిటర్లు, ఒకటి ఫేజ్ నుంచి రేకు డబ్బాకి, రెండోది న్యూట్రల్ నుంచి అదే డబ్బాకి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే డబ్బా రెండింటికీ మధ్యలో వేలాడుతుంది, 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర. పారే కరెంటు మిల్లీ ఆంపియర్ కంటే తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటోంది. అదే డబ్బాని ఎర్త్ ఉన్న టీవీకో కేబుల్‌వాళ్ళ వైరుకో కలిపితే ఆ స్పార్క్, దానితోనే హెచ్‌డీఎంఐ పోర్టులు పోతాయి. వారంటీలో మార్చుకోవచ్చులే అనుకుంటే మళ్ళీ పోతుంది.

మల్టీమీటర్ పట్టడం తెలిసినవాళ్ళయితేనే చూడండి, లేదంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. మొదటిది 60, 90 అని తేలుతూ చూపిస్తే ఎర్త్ లేనట్టే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు మిస్త్రీలు సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరుముక్క వేసి, ఇదిగోండి అయిపోయింది అంటారు. జిల్లు పోతుంది, టెస్టర్ కూడా వెలగదు, మీరు సంతోషిస్తారు. ఏదో ఒకరోజు న్యూట్రల్ తెగిందా, ఫేజ్ మొత్తం మీ కేబినెట్ మీదకీ ఫ్రిజ్ తలుపు మీదకీ వచ్చేస్తుంది, అప్పుడు జిల్లు కాదు, ప్రాణమే పోతుంది. అలా చెయ్యనివ్వకండి. పెరట్లో గొయ్యి తీయించి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వేయించి, అక్కడినుంచి మెయిన్ బోర్డు దాకా వైరు లాగించుకోండి. గోపాల్‌పూర్ వైపు ఇసకనేల వాళ్ళు ఎండాకాలంలో ఆ గోతిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు కూడా పొయ్యాలి, ఎండిన ఇసక ఎర్త్‌కి పనికిరాదు.

నీతులు చెప్తున్నానని కాదు గానీ 2013 అక్టోబర్లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మాకు కరెంటు రావడానికి రోజులు పట్టింది, వచ్చిన రోజు ఫేన్ ఒకసారి జోరుగా ఒకసారి నీరసంగా తిరుగుతోంది, అంటే వోల్టేజీ కుదురుగా లేదని, అది కళ్ళారా చూస్తూ కూడా మెయిల్ చూసుకోవాలనే ఆత్రంలో పీసీ ఆన్ చేశాను. టప్ మంది, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్‌తోబాటు హార్డ్ డిస్క్ కూడా పోయింది, మా చెల్లి పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయి, దాని దెప్పులు ఇప్పటికీ ఆగలేదు.

నమస్తే అన్న, మాది బల్లార్షా. ఐ5 12400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, మూడేండ్లయింది. చలికాలం మంచిగనే నడిచింది, ఎండలు మొదలైనంక గేమ్ ఆడుతుంటే ఇరవై నిమిషాలకు టప్పున బంద్ అయితుంది. ఇక్కడ షాపాయన మదర్‌బోర్డు మార్చాలె అంటుండు. కూలర్ ముంగట పెడితే మంచిదా?

మదర్‌బోర్డు మాట పక్కన పెట్టు. చంద్రపూర్ జిల్లాలో ఎండ 45 దాటడం వార్త కూడా కాదు, ఫేన్ ఎంత తిరిగినా గదిలో గాలికంటే హీట్‌సింక్, అంటే ప్రాసెసర్ వేడి లాగే లోహపు రెక్కల దిమ్మ, చల్లబడదు కదా. పైగా మీది బొగ్గు గనుల ఊరు. పక్క రేకు విప్పి ప్రాసెసర్ ఫేన్ తీసి చూడు, ఫేన్‌కీ హీట్‌సింక్ రెక్కలకీ మధ్య నల్లటి కంబళి ముక్కలాంటిది అతుక్కుని ఉంటుంది, వేలితో లాగితే చాపలా ఒక్కటే వస్తుంది. అదే నీ మదర్‌బోర్డు రోగం.

శుభ్రం చేసేముందు ఒక పరీక్ష చెయ్యి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని వేడి చూపించే సాఫ్ట్‌వేర్ వేసుకుని గేమ్ ఆడుతూ వేడి చూడు, నీ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు. అక్కడిదాకా పాకి, గేమ్ ముందు నత్తలా నడిచి ఆ తర్వాత ఆగిందంటే వేడే. 70, 75లోనే ఉండి, నత్తనడక ఏమీ లేకుండా యుద్ధం ముదిరే టైముకి ఠక్కున ఆగిందంటే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం. కార్డు ఒక్కటే 170 వాట్లు తాగుతుంది, ప్రాసెసర్ ఊపుమీద 117 దాకా పోతుంది. కేబినెట్‌తో ఫ్రీగా వచ్చినది, చేత్తో ఎత్తితే అటుకుల పొట్లంలా తేలిగ్గా ఉన్నది అయితే పైన 450 అని రాసున్నా నమ్మొద్దు, పేరున్నది 550 వాట్లది తీసుకో.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫేన్ రెక్కని వేలితో పట్టుకో, గాలికి పిచ్చిగా తిరిగితే బేరింగ్ పోతుంది. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి శనగగింజంత కొత్తది పెట్టు. ఇంటెల్ ఫేన్ అయితే నాలుగు మూలల పిన్నులు ఎదురెదురుగా నొక్కాలి, బోర్డు వెనకనుంచి నాలుగూ బయటికొచ్చాయో లేదో చూడు, ఒక మూల లేచి ఉండటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

కూలర్ ముంగట వద్దు. చల్లగా ఉంటుంది నిజమే, కానీ ఆ గాలితో తుంపరా ఉప్పునీళ్ళ తెలుపూ వెళ్ళి బోర్డు మీద కూర్చుంటాయి. గదిలో కూలర్ ఉండనీ, గాలి పీసీకి సూటిగా తగలకుంటే చాలు.

సార్, మాది సిరోంచ. బిడ్డ డిగ్రీ చదువుతంది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. తెరుచుకునేటందుకే ఐదు నిమిషాలు, పొద్దున పెట్టంగనే తారీఖు తప్పు చూపిస్తది, వెబ్‌సైట్లు తెరుచుకోవు. విండోస్ 10 బంద్ అయిందంటున్నరు. కొత్తది కొనాల్నా?

ఇప్పుడే వద్దండీ, ర్యామ్ రేట్లు మండుతున్నాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిన మాట నిజమే, విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అంటుంది. అమ్మాయికి రాసుకోడానికీ చదువుకోడానికీ అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకుంటే సరిపోతుంది, డబ్బులు పెట్టక్కర్లేదు. హార్డ్ డిస్క్ తీసి దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ, 2.5 అంగుళాల సాటా రకం, పెట్టండి, ఎం.2 అని చిన్నపట్టీలా ఉండేది తేకండి, ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి దాని స్లాటే ఉండదు. ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో డీడీఆర్3 రకమే తీసుకోండి, డీడీఆర్4 రకమైతే గాటు కుదరక దిగదు.

తారీఖు సంగతి బోర్డు మీదుండే రూపాయిబిళ్ళలాంటి బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోతే ప్లగ్గు తీయగానే గడియారం వెనక్కి పోతుంది, తారీఖు తప్పైతే వెబ్‌సైట్లు మొరాయిస్తాయి. గడియారాల దుకాణంలోనే దొరుకుతుంది, రాత ఉన్న వైపు పైకి పెట్టి ముందు అది మార్చండి. ఎస్ఎస్‌డీ ఈసారి మంచిర్యాల వెళ్ళినప్పుడు తెచ్చుకోవచ్చు.