ప్రోగ్రామ్ మేనేజర్ పదవి తరువాత ఏ దారి?

ప్రశ్న: హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పదహారేళ్లు పనిచేసి, చివరి ఏడేళ్లుగా ప్రోగ్రామ్ మేనేజర్‌గా ఉన్నాను. ఈ పని మాని, అమ్మానాన్నలున్న హనుమకొండకు రావాలనుకుంటున్నాను. నాకు కోడింగ్ అలవాటు తప్పింది. ఏ అవకాశాలు ఉంటాయి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కోడింగ్ మరచిపోయినందుకు దిగులు అక్కర్లేదు, పలు బృందాల పనిని ఒక గడువుకు, ఒక బడ్జెట్‌కు కట్టుబడేలా నడిపించడమే మీ అసలు నైపుణ్యం. దానికి గిరాకీ సాఫ్ట్‌వేర్ వెలుపల కూడా ఉంది. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి కాబట్టి, ఆ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థలకు లెక్క, నివేదిక, గడువు తెలిసినవారు కావాలి. జీతం మాత్రం బాగా తగ్గుతుంది. ఇంటి ఈఎంఐ ఉంటే ముందే లెక్క వేసుకోండి.

బోధన ఇష్టమైతే, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ విధానాన్ని, అంటే వృత్తి అనుభవం ఉన్నవారిని ఉన్నత విద్యాసంస్థల్లో బోధనకు తీసుకునే పద్ధతిని, పరిశీలించండి. దానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు గానీ, కనీసం పదిహేనేళ్ల అనుభవం, అదీ వీలైనంత వరకు ఉన్నత స్థాయిలో, ఆశిస్తారు. పైగా అది గరిష్ఠంగా నాలుగేళ్ల తాత్కాలిక నియామకమే. వరంగల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలకు కొదవ లేదు కనుక, రాజీనామాకు ముందే ఒకటి రెండు చోట్ల అతిథి ఉపన్యాసాలు ఇచ్చి చూడండి.

ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్‌కు, అంటే ఒక ఉత్పత్తిలో ఏమేం ఉండాలో నిర్ణయించే పనికి, మారమని చాలామంది చెబుతారు. నా దృష్టిలో అది మీకు విశ్రాంతినివ్వదు, ఊరు చేరనివ్వదు.