డ్యాంపర్ దగ్గర డిటెక్టర్ పెట్టేముందు

బాబూ,

నువ్వు పంపిన డ్రాయింగ్ చూశాను. గాలి వెళ్ళే డక్ట్‌ని పొగ వస్తే మూసేసే స్మోక్ డ్యాంపర్‌కి నాలుగడుగుల దూరంలో, ఆ పొగని పసిగట్టే డక్ట్ డిటెక్టర్ పెట్టావు, ఐబీసీ కోడ్ (బిల్డింగ్ నిబంధనల పుస్తకం) అడిగేది 5 అడుగుల్లోపే కదా, ఇంక ఇన్‌స్పెక్టర్ ఏమంటాడులే అనుకుని ఉంటావు. అంటాడు. ఆ రెండింటి మధ్యలో పక్కగది గాలిని వెనక్కి తెచ్చే రిటర్న్ బ్రాంచ్ వచ్చి కలుస్తోంది చూడు. 5 అడుగులు అన్న చోటే, మధ్యలో గాలి వచ్చే దారి గానీ పోయే దారి గానీ ఉండకూడదని కూడా రాసి ఉంది, మనవాళ్ళు సగం చదివి టేపు పట్టుకుని బయల్దేరతారు. ఆ గదిలో అంటుకుంటే పొగ తిన్నగా డ్యాంపర్ దాటిపోతుంది, డిటెక్టర్‌కి కబురే అందదు. అందుకని దాన్ని బ్రాంచ్ కలిసిన చోటికీ డ్యాంపర్‌కీ మధ్యకి జరుపు.

జరిపితే ఇంకో పేచీ ఉంది. మలుపు దగ్గరా, బ్రాంచ్ కలిసే చోటా గాలి సుళ్ళు తిరుగుతుంది. డక్ట్ వెడల్పుకి ఆరు నుంచి పది రెట్లు తిన్నగా సాగాక పెట్టమంటారు గానీ, రెండడుగుల డక్ట్‌కి అంటే కనీసం పన్నెండు అడుగులు కావాలి, సీలింగ్ పైన అంత చోటు ఎవరిస్తారు? అలాంటప్పుడు డ్యాంపర్ దగ్గరే పెట్టి, ఫ్యాన్ నడుస్తుండగా డిటెక్టర్‌లోకి డక్ట్ గాలి తెచ్చే శాంప్లింగ్ ట్యూబుకీ, దాన్ని వెనక్కి పంపే ట్యూబుకీ మధ్య ప్రెషర్ తేడా మానోమీటర్‌తో కొలువు. కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లో ఉంటే సరే, లేకపోతే చోటు మార్చాల్సిందే. శాంప్లింగ్ ట్యూబ్ రంధ్రాలు గాలికి ఎదురుగా ఉన్నాయా, చివర మూత ఉందా అన్నది నువ్వే కళ్ళారా చూసుకో, ఫిట్టర్ మాట నమ్మకు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఫ్యాన్ ఆగినప్పటి సంగతి. డక్ట్ డిటెక్టర్‌కి గాలి కదలాలి. చాలా మోడళ్ళకి కనీసం నిమిషానికి 100 అడుగుల వేగం ఉండాలి. రాత్రి ఫ్యాన్ ఆపేస్తే ట్యూబులోకి ఏమీ రాదు, డ్యాంపర్ మాత్రం నోరు తెరుచుకునే ఉంటుంది. కాబట్టి ఫ్యాన్ ఆగితే డ్యాంపర్ దానంతటదే మూసుకునేలా వైరింగ్ ఉండాలి, పొగను బయటికి లాగే స్మోక్ కంట్రోల్ సిస్టమ్ అయితే లెక్క వేరు. నీ డ్రాయింగ్‌లో ఆ ఇంటర్‌లాక్ ఎక్కడా కనబడలేదు.

గోడలో గాలి అటూఇటూ వెళ్ళడానికి వదిలిన ట్రాన్స్‌ఫర్ ఓపెనింగ్‌కి డక్టే లేదు కాబట్టి ట్యూబుల గొడవ అక్కర్లేదు, అక్కడి డ్యాంపర్‌కి అడ్డంగా 5 అడుగుల్లోపు, గదిలో పెట్టే మామూలు స్పాట్ డిటెక్టర్ చాలు.

టెస్టింగ్ రోజు ఎవరైనా అయస్కాంతం పెట్టి అలారం మోగించి పనైపోయిందంటే ఒప్పుకోకు. దాంతో తెలిసేది డిటెక్టర్ లోపలి సర్క్యూట్, రిలే బాగున్నాయని మాత్రమే, ట్యూబులోంచి పొగ లోపలికి వస్తుందని కాదు. డక్ట్‌కి ఉన్న యాక్సెస్ డోర్ తీసి, టార్చి వేసి డ్యాంపర్ బ్లేడ్లు పూర్తిగా మూసుకున్నాయో లేదో చూడు. క్లాంప్ వదులైతే యాక్చుయేటర్ (డ్యాంపర్‌ని తిప్పే మోటారు) శుభ్రంగా తిరుగుతుంది, బ్లేడ్ల షాఫ్ట్ కదలదు, ప్యానెల్ మీద మాత్రం 'మూసుకుంది' అని లైటు వెలుగుతుంది. ఇదంతా సీలింగ్ పలకలు ఎక్కించకముందే చెయ్యి.

డ్రాయింగ్ సరిచేశాక మళ్ళీ పంపు, ఈసారి యాక్సెస్ డోర్లు కూడా గీసి పంపు.